జనార్దనయ్య మాస్టారి నల్ల తెర

ఆత్మకూరు బస్టాండులో చెరకురసం తాగిన జనార్దనయ్య మాస్టారు గ్లాసు తిరిగి ఇచ్చేలోపే ప్రాణం వదిలాడు.

డాక్టరు గుండెపోటన్నాడు. ఊరు వయసైపోయిందంది. చెరకు మిషన్ వాడు మాత్రం ఆ గ్లాసు తాను అందించలేదనీ, పక్కన నిలబడ్డ నల్ల కళ్లద్దాల మనిషి అందించాడనీ వచ్చిన ప్రతివాడికీ చెప్పాడు. వచ్చినవాళ్లు చెరకురసం తాగడం మానేశారు గానీ, ఆ మాట పట్టించుకోలేదు.

పదకొండో రోజు మధ్యాహ్నం, అదే బస్టాండు వెనక, ఏసీ పనిచేయని కారులో ఆ మాట ఎత్తినవాడు సురేంద్రబాబు. దేశ రహస్య విభాగానికి దక్షిణాది చీఫ్. పక్క సీట్లో చెమట తుడుచుకుంటున్నది ఏజెంట్ నలభై ఒకటి, భవ్యశ్రీ. సొంతూరు చేజర్ల. ఈ చుట్టుపక్కల యాస నేర్పించక్కర్లేని ఏజెంటు ఆమె ఒక్కతే.

"మాస్టారు మన కోడ్ మాస్టర్" అన్నాడు చీఫ్. "ముప్పై ఏళ్లుగా. చంపింది నార్త్ పియర్."

నార్త్ పియర్ విదేశీ ముఠా. ఓడరేవుల్లో రహస్యాలు కొని, ఇంకో ఓడరేవులో అమ్ముతుంది.

"ఈ సాయంత్రం నాలుగింటికి మన రాజమోహన్ వాళ్ల ఓడరేవులో ఒకణ్ని కలుస్తాడు. ఆ ఒకడు పొద్దున్నే వాళ్లకు అమ్ముడుపోయాడు."

భవ్యశ్రీ చేతిలో రుమాలు ఆగిపోయింది. ఆ ఓడరేవుకు వెళ్లాల్సింది తను. చికున్‌గున్యా వచ్చి మోకాళ్లు పట్టేస్తే, 'నువ్వు కషాయం తాగి పడుకో, నేను పోయొస్తా' అని రాజమోహన్ విమానం ఎక్కాడు. నొప్పులు తగ్గి మూడు వారాలైంది. అతను ఇంకా రాలేదు.

"ఆపండి సార్. ఫోన్ చేయండి."

"ఫోన్ లేదు. చేతికి వాచీ ఉంది. సందేశం వచ్చేదీ, జవాబు పోయేదీ దాంట్లోనే. అది ఒకే ఒక్క కంప్యూటర్ మాట నమ్ముతుంది. ఉదయగిరిలో, మాస్టారి ఇంట్లో ఉంది. కోడ్ తాళం చెవి దాని మదర్‌బోర్డు మీద చిప్‌లో ఉంది. దాన్ని కాపీ చేయడం కుదరదు. మాస్టారు దానికి ఇంటర్నెట్ పెట్టనిచ్చేవాడు కాదు. సందేశాన్ని మనం తయారుచేసిచ్చిన పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకుని, బస్సెక్కి ఆత్మకూరు వచ్చి పంపేవాడు. ఆ పెన్‌డ్రైవ్ ఇప్పుడు నల్ల కళ్లద్దాల వాడి జేబులో ఉంది."

"అయితే?"

"ఇంకొకటి తయారుచేసే టైము లేదు. నువ్వు పోయి నేరుగా ఆ కంప్యూటర్‌కే ఇంటర్నెట్ పెట్టాలి. లైనక్స్ మిషను."

భవ్యశ్రీకి పదకొండు రకాల తుపాకులు తెలుసు. లైనక్స్ అంటే పెంగ్విన్ బొమ్మ అని మాత్రమే తెలుసు.

"మన టెక్ డెస్క్ నుంచి షైనీ లైన్లో ఉంటుంది. ఏం టైప్ చేయాలో చెబుతుంది" అన్నాడు చీఫ్. ఆ పేరు చెప్పేటప్పుడు ఆయన తెలియకుండానే కాలరు సర్దుకున్నాడు. ఆఫీసులో మగవాళ్లంతా అంతే. షైనీ లిఫ్టు దిగిన పది నిమిషాల దాకా ఆ లిఫ్టులో సెంటు వాసన. ఎవరి పుట్టినరోజైనా కేకు ఆమే తెప్పిస్తుంది. ఎవరి కంప్యూటర్ ఆగినా ఆ గోళ్లరంగు చేతులే బాగుచేస్తాయి.

"నీ మారువేషం, ఇంటింటికీ నైటీలు అమ్మే మనిషి. సందేశం, ‘రేపు సంత లేదు’. అది చూస్తే రాజమోహన్ అక్కణ్నుంచి మాయమవుతాడు. నాలుగు దాటితే చూసేవాడు ఉండడు. నేను ఆఫీసుకు పోయి అక్కడ ఉంటా."

*

మూడుకు పది నిమిషాలుండగా బస్సు ఆమెను ఉదయగిరి కొండ కింద దించింది. భుజాన నైటీల మూట. అన్నిటికన్నా పెద్ద సైజు నైటీలో చుట్టి శాటిలైట్ ఫోన్. ఊళ్లో సెల్ టవర్ పొద్దుటి నుంచి మూగబోయి ఉంది. ఎందుకు మూగబోయిందో ఊరికి తెలియదు, ఆమెకు తెలుసు, నార్త్ పియర్ పని.

మాస్టారింటి వరండాలో ఆడవాళ్లు గుంపుగా కూర్చుని ఉన్నారు. అప్పుడు గుర్తొచ్చింది భవ్యశ్రీకి. పదకొండో రోజు.

"ఏందమ్మే, చావింటికి నైటీల మూటేసుకుని వచ్చినావా?" అంది పెంచలమ్మ అనే పక్కింటావిడ. "నీకు బుద్ధి ఉండాదా? రేపు పెద్దదినం పెట్టుకోని, నీకు గిరాకీ ఇక్కడ దొరికిందా?"

ఢిల్లీలో మారువేషాలు నిర్ణయించేవాళ్లు పంచాంగం చూడరు. భవ్యశ్రీకి ఆలోచించే టైము లేదు. మూటను కింద పడేసి, గుమ్మంలో తల వంచుకుని కూర్చున్న ఆదిశేషమ్మ మెడను కావిలించుకుని రాగం ఎత్తింది.

"లెక్క తప్పిందే పెద్దమ్మా! ముప్పై ఏండ్లు తప్పని లెక్క ఈ పొద్దు తప్పిందే!"

ఆదిశేషమ్మ ఏడుపు అరక్షణం ఆగింది. మాస్టారి భార్య ఆమె. ఆ మాటకు జవాబు ముప్పై ఏళ్ల కిందట భర్త నేర్పించింది.

"శేషం ఒకటే మిగిలిందే అమ్మాయ్! నన్నొక్కదాన్నే శేషం మిగిల్చి పోయినాడే!"

కోడ్ సరిపోయింది. కానీ ఇద్దరూ వెంటనే ఆపలేకపోయారు. ఆదిశేషమ్మకు పోయినవాడు గుర్తొచ్చాడు, భవ్యశ్రీకి పోబోయేవాడు.

"ఎవరి బిడ్డమ్మే? కడుపులోంచి ఏడస్తా ఉండాది" అంది పెంచలమ్మ, కోపం పోయి.

"చేజర్ల నుంచి. ఆయన తమ్ముడి వరస బిడ్డ" అంది ఆదిశేషమ్మ ముక్కు చీదుకుంటూ. "దా అమ్మాయ్, లోపలికొచ్చి మంచినీళ్లు తాగుదువు."

భవ్యశ్రీ మూటతో లోపలికి రాగానే ఆదిశేషమ్మ గది తలుపు గడియ వేసింది. గొంతు మారిపోయింది.

"ఎంతసేపుండాది?"

"గంటలోపే, పెద్దమ్మా. ఒక మనిషి ప్రాణం. నా బదులు పోయినోడు."

ఆదిశేషమ్మ బల్ల మీద కప్పిన దుప్పటి లాగేసింది.

స్విచ్ నొక్కితే కంప్యూటర్ మూడుసార్లు కూసింది. తెర మీద ఏమీ రాలేదు. మళ్లీ నొక్కింది. మళ్లీ మూడు కూతలు. మూడు గంటల అయిదు నిమిషాలు.

"మూడు కూసిందంటే లోపల పచ్చపలక ఒకటుంటది, దాన్ని పీకి రబ్బరుతో రుద్దేవాడు" అంది ఆదిశేషమ్మ, పెన్సిల్ రబ్బరు వెతుకుతూ.

భవ్యశ్రీ డబ్బా విప్పింది. ర్యామ్ పలకకు రెండువైపులా ఉన్న కొక్కేలు వదులు చేసి, బంగారు రంగు పళ్లను రబ్బరుతో రుద్ది, చెవికి కమ్మ పెట్టినంత జాగ్రత్తగా మళ్లీ గుచ్చింది. ఈసారి ఒకటే కూత. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు చీమల్లా పరుగెత్తి, చివర ఒక చిన్న గీత దగ్గర ఆగి మిణుకుమిణుకుమన్నాయి. బొమ్మల్లేవు, బటన్లు లేవు. పాస్‌వర్డు ఆదిశేషమ్మే చెప్పింది. ఆమె పెళ్లి తేదీ, వెనక నుంచి ముందుకి.

టీవీ పక్కన ఫైబర్ పెట్టె పచ్చగా వెలుగుతోంది. దాన్నుంచి ఒక కేబుల్ తెచ్చి కంప్యూటర్ వెనక తడిమి, బిగుతుగా ఉన్నా అదిమి గుచ్చి, భవ్యశ్రీ నైటీలోంచి ఫోన్ తీసింది.

"హాయ్ డియర్" అంది షైనీ గొంతు, తేనెలో ముంచి తీసినట్టు. "టెన్షన్ పడొద్దు. ఐపీ, స్పేస్, లింక్ అని కొట్టు. ఏమొచ్చింది?"

"నో క్యారియర్ అని."

"ఓహ్. డ్రైవర్ ప్రాబ్లమ్. డ్రైవర్ డౌన్‌లోడ్ చేయాలి."

"దేంతో? ఇంటర్నెట్టే కదా రావడం లేదు?"

"కరెక్టే. అయితే రీస్టార్ట్ చేసి చూద్దాం."

రీస్టార్ట్. మళ్లీ పాస్‌వర్డు. మళ్లీ నో క్యారియర్. మాడ్యూల్ తీసేయమంది. తీసేసింది. పెట్టమంది. పెట్టింది. ఒక ఫైలు తెరిచి అందులో నలభై గీతలు టైప్ చేయించి, ముప్పై తొమ్మిదో గీతలో తప్పుందని మొదటికి తీసుకెళ్లింది. భవ్యశ్రీ వేళ్లు చెమటకు కీల మీద జారుతున్నాయి. రాజమోహన్ ఈపాటికి చొక్కా మార్చుకుని గదికి తాళం వేస్తుంటాడు. అతనెప్పుడూ పావుగంట ముందే పోతాడు. ఆ అలవాటును ఆమె ఎన్నిసార్లు వెక్కిరించిందో.

మూడున్నర దాటింది.

"ఒకే దారి మిగిలింది డియర్" అంది షైనీ. "సుడో, స్పేస్, డీ డీ, స్పేస్, ఐ ఎఫ్..." అని అక్షరం అక్షరం చెప్పింది. భవ్యశ్రీ అక్షరం అక్షరం కొట్టింది. ఎంటర్ మీదకు వేలు పోయింది.

ఆదిశేషమ్మ ఆ వేలు పట్టుకుంది. ఏడవలేదు, అరవలేదు. ఫోను పక్కన పెట్టమని కళ్లతో చెప్పింది. భవ్యశ్రీ మైకు మీద నైటీ కుక్కింది.

"ఆయన నన్ను ఈ గదిలోకి మూడు మాటలు చెప్పినాకనే రానిచ్చినాడు. చెప్పులిప్పి రావాల. కరెంటు పోతే అరవకూడదు. ఈ డీడీ అనే రెండక్షరాలు తెర మీద కనపడితే, నొక్కకుండా ఆయన్ని పిలవాల."

"ఎందుకంట?"

"బూడిదేసి అంట్లు తోమినట్టు లోపలుండేదంతా తోమేస్తదంట. ఇప్పుడు పిలవను ఆయన లేడు. అందుకని నిన్ను పిలస్తా ఉండా."

భవ్యశ్రీ తెర వైపు చూసింది.

"ఇంకోటి గూడా" అంది ఆదిశేషమ్మ. "మా కేబులు కోటేశ్వర్ పదో తరగతి తప్పినోడు. టీవీ రాలేదని ఫోన్ చేస్తే వాడు మొట్టమొదట అడిగేది, 'అత్తా, లైటు ఎలగతా ఉండాదా?' అని. ఈ పిల్ల ఇంత చదువు చదివి, ఇంతసేపు మాట్లాడి, లైటు మాట ఒక్కసారన్నా అడిగిందా?"

అడగలేదు. అరగంటలో ఒక్కసారి కూడా అడగలేదు. తెలియక కాదు.

పుట్టినరోజు కేకులు, సెంటు, డియర్. అన్నీ వరసలో కూర్చున్నాయి. మాస్టారు ఏ రోజు ఆత్మకూరు వస్తాడో ఆఫీసులో తెలిసింది ఇద్దరికే. ఒకరు చీఫ్. రెండోవారు ఆ పెన్‌డ్రైవ్ తయారుచేసిన టెక్ డెస్క్.

భవ్యశ్రీ ఆ లైనంతా చెరిపేసి, నైటీ తీసి, ఏడుపు గొంతుతో అంది. "నొక్కేశా షైనీ గారూ. ఏదో తిరుగుతోంది. రెండు శాతం అంటోంది."

"వెరీ గుడ్ డియర్. వంద అయ్యేదాకా కదలొద్దు. ఇల్లు వదలొద్దు. నీకు సాయంగా మనిషిని పంపాను, ఆత్మకూరు నుంచి బయల్దేరాడు."

సాయం ఎలాంటిదో అడగక్కర్లేదు.

భవ్యశ్రీ పెన్ టార్చ్ నోట్లో కరుచుకుని బల్ల కిందికి దూరింది. కేబుల్ చివర, కంప్యూటర్ వెనక, రెండు బుల్లి దీపాలు వెలగాలి. ఒక్కటీ వెలగలేదు. కేబుల్ బయటికి లాగింది. చివర పసుప్పచ్చగా పొడి. ఆ చదరపు రంధ్రంలోకి టార్చ్ వేసింది. మూతి దాటితే రంధ్రం లేదు. గంధంతో, కుంకుమతో మెత్తి గోడలా గట్టిపడి ఉంది.

"పెద్దమ్మా. ఇదేంది?"

ఆదిశేషమ్మ వంగి చూసి నాలిక్కరుచుకుంది. "దసరాకు మిక్సీకీ, మోటారుకీ, కుట్టుమిషనుకీ అన్నిటికీ పెట్టినాను. దీనికి ముందర పెడితే ఆయన తుడిచేస్తా ఉన్నాడు. అందుకని కనపడకుండా ఎనక పెట్టినా. అది బొట్టు పెట్టేదానికే చేసినట్టు గుంట పడి ఉన్నింది..."

"ఎన్ని దసరాలు?"

"ఏడు."

ఏడు పొరల రక్షణ. ప్రపంచంలో ఏ హ్యాకరూ దాన్ని దాటి లోపలికి రాలేడు. ప్రస్తుతానికి భారతదేశం కూడా బయటికి పోలేదు.

"ఇనుముతో గీకితే లోపలి తీగలు తెగిపోతాయి. సన్నంగా, గట్టిగా, చెక్కదేమన్నా ఉండాదా?"

ఉదయగిరిలో ఆ ప్రశ్న అడగడమే తెలివితక్కువ. ఆదిశేషమ్మ అల్మారా లోంచి చెక్కతో చేసిన ఫోర్కు తెచ్చింది. ఈ ఊరి చెక్క పనివాళ్లు చెక్కింది, పళ్లు పుల్లల్లా సన్నవి. ఇంజెక్షన్లకు వాడే స్పిరిట్, దూది కూడా తెచ్చింది. భవ్యశ్రీ వెల్లకిలా పడుకుని గీకడం మొదలెట్టింది. రేణువులు కళ్లల్లో పడుతున్నాయి. ఒక పన్ను విరిగింది. రెండో పన్ను. ఎనిమిది రాగి తీగల్లో అయిదు కనిపించాయి. ఆరు.

"ఎంత డియర్?" అంది ఫోను.

"ముప్పై నాలుగు శాతం" అంది బల్ల కింద నుంచి.

వీధిలో బైకు ఆగింది.

ఆదిశేషమ్మ కిటికీ సందులోంచి చూసింది. నల్ల కళ్లద్దాలు, మెడలో ఐడీ కార్డు, భుజాన తీగల చుట్ట. "అమ్మా, ఫైబర్ ఆఫీసు నుంచి. నెట్ చెక్ చేయాల" అన్నాడతను వరండా ఎక్కుతూ.

అతను చేసిన పొరపాటు అదొక్కటే. పోస్టుమాన్ అన్నా, ప్లీడరు అన్నా ఆ ఇంట్లోకి పోయి ఉండేవాడు.

"ఫైబర్ అబ్బాయా!" పెంచలమ్మ లేచి అతని చొక్కా పట్టుకుంది. "పొద్దుటి నుంచి ఫోన్లు చచ్చినాయి, ఎవురూ రాకపోతిరి. మా ఇంట్లో భక్తి చానలు పోయి నెలయ్యింది. ముందు మా ఇంటికి పద."

"కాదమ్మా, ముందు ఈ ఇంట్లో..."

"చావింట్లో నెట్టేందిరా నీకు? పోయినోళ్లు చూస్తారా?" అంది ఇంకో ఆవిడ. "మా రిమోట్ నొక్కితే ఎదురింటి టీవీ మారతా ఉండాది. అది చూడు."

"యాడికి పోతా ఉండావు? కార్డు మీద నీ పేరేంది? కోటేశ్వర్ ఏమైనాడు?"

పదిహేడు మంది. పదకొండు రోజులుగా వాళ్లకు సీరియళ్లు లేవు. అతని చెయ్యి నడుము దగ్గరికి పోయింది గానీ, ఆ చేతిలో అప్పటికే ఎవరో రిమోట్ పెట్టేశారు.

లోపల చివరి తీగ బయటపడింది. స్పిరిట్ దూదితో తుడిచి, ఊది, కేబుల్ గుచ్చింది. టక్.

ఏమీ లేదు.

భవ్యశ్రీ కళ్లు మూసుకుంది. తెరిచేసరికి చీకట్లో పచ్చని చుక్క. పక్కన నారింజ రంగు చుక్క, గుండెలా కొట్టుకుంటోంది.

"ఎలగతా ఉండాది పెద్దమ్మా!"

మూడు యాభై రెండు. మాస్టారి నోటుపుస్తకంలో ఆదిశేషమ్మ పేజీ తిప్పి చదివింది, భవ్యశ్రీ కొట్టింది. డీహెచ్ క్లయింట్, నెట్‌ను అడ్రసు అడిగే మాట. గీత మిణుకుమంది. మిణుకుమంది. అడ్రసు వచ్చింది. అవతల పలుకుతుందా అని పింగ్ కొట్టింది. అరవై నాలుగు బైట్లు తిరిగొచ్చాయి. మళ్లీ అరవై నాలుగు.

ముందు చీఫ్‌కు ఒక లైను, షైనీ గురించీ, వరండాలో మనిషి గురించీ. అది మామూలు దారిలో పోయింది. తర్వాత సందేశం, చివర తన నంబరు నలభై ఒకటితో. రేపు సంత లేదు. ఎంటర్.

తెర జవాబిచ్చింది. సర్టిఫికెట్ ఇంకా చెల్లదు.

మళ్లీ కొట్టింది. ఇంకా చెల్లదు. మూడు యాభై ఆరు.

"ఇంకా అంటుందేంది? ఇంకా ఎప్పుడు?" భవ్యశ్రీ తెరను నిలదీసింది. "ఇంకెప్పుడు చెల్లుతుంది? వాణ్ని చంపినాకా?" బల్ల మీద గుద్దింది. ఇక్కడిదాకా వచ్చి, దీపాలు వెలిగించి, ఒక్క మాట దగ్గర.

ఇంకా.

తేదీ. డేట్ అని కొట్టింది. కంప్యూటర్ ప్రకారం అది రెండు వేల పదవ సంవత్సరం, జనవరి ఒకటి. లోపలి బిళ్ల బ్యాటరీ అయిపోయి గడియారం వెనక్కి పోయింది. ఆ తేదీకి సర్టిఫికెట్ పుట్టనే లేదు, రాజమోహన్ డిపార్టుమెంటులో కూడా చేరలేదు.

"ఈ పొద్దు తేదీ ఎంత పెద్దమ్మా?" ఆమె మెదడులో నాలుగు అనే అంకె తప్ప ఇంకేదీ లేదు.

ఆదిశేషమ్మ క్యాలెండరు వైపు చూడలేదు. తేదీ, నెల, వారం గబగబా చెప్పింది. పదకొండు రోజులుగా ఆమె చేస్తున్న పని అదొక్కటే, లెక్కపెట్టడం.

గడియారం సరిచేసింది. ఎంటర్. మూడు యాభై తొమ్మిది.

పంపబడింది.

"ఎంత డియర్?" అంది ఫోను.

"వంద శాతం" అంది భవ్యశ్రీ. "షైనీ గారూ, ఒకసారి వెనక్కి తిరగండి. చీఫ్ గారు వచ్చారేమో."

ఆ చివర కుర్చీ పడిన చప్పుడు. తర్వాత ఒక మగగొంతు, కాలరు సర్దుకోని గొంతు. లైను తెగిపోయింది.

కానీ తెర మాట్లాడలేదు. నాలుగు. నాలుగూ రెండు. ఇద్దరూ ఆ చిన్న గీతనే చూస్తూ కూర్చున్నారు. నాలుగూ మూడు. భవ్యశ్రీ చెయ్యి ఆదిశేషమ్మ ఒళ్లో ఉంది. ఎప్పుడు పెట్టిందో తెలియదు. నాలుగూ అయిదు. ఆదిశేషమ్మ పెదవులు కదులుతున్నాయి, దేవుడి పేరో, మొగుడి పేరో.

నాలుగూ ఏడుకు తెర మీద ఒక్క ముక్క పడింది.

'సంత దాటి రెండు మైళ్లు వచ్చేశా. మోకాళ్లెలా ఉన్నాయి?'

భవ్యశ్రీ ఈసారి రాగం లేకుండా ఏడ్చింది.

బయట చీఫ్ పంపిన పోలీసు జీపు వచ్చింది. నల్ల కళ్లద్దాల మనిషి పరుగెత్తుకుంటూ పోయి తానే అందులో ఎక్కాడట. అప్పటికి మూడిళ్ల టీవీలు చూశాడు. నాలుగో ఇంట్లో ఫ్యాను కూడా చూడమన్నారు.

భవ్యశ్రీ కళ్లు తుడుచుకుని తెర వైపు తిరిగింది. గీత ఇంకా మిణుకుమంటోంది.

"దీన్ని ఆపాల పెద్దమ్మా. పుస్తకంలో ఆపేది యాడుండాది? పెదనాయన ఎట్టా ఆపేవాడు?"

"ఆయన ఎప్పుడాపినాడు?" అంది ఆదిశేషమ్మ లేస్తూ. "అన్నం చల్లారిపోతా ఉండాదని పదిసార్లు పిలిచి, నేనే ప్లగ్గు పీకేదాన్ని."

అని పీకేసింది.